ముత్యాలు అనబడు నిల్వ సాధనం

మా రాష్ట్రంలో మందు లేదు. లేదని ప్రభుత్వం చెప్పింది కాబట్టి లేదు. లేని మందును పట్టుకోవడానికి మాత్రం మా గెడ్డవలసలో ఒక ఎక్సైజ్ స్టేషను, అందులో ఒక ఎస్సై, ఒక హెడ్ కానిస్టేబులు, ఊదితే అంకె చూపించే మిషనూ ఉన్నాయి.

ఎస్సై కోదండపాణి గారు నిజాయతీపరుడే, కానీ సంసారి. వచ్చిన దగ్గర్నుంచీ తాగినవాళ్ళని పట్టుకుంటూనే ఉన్నాడు. అదేమంత కష్టమైన పని కాదు. ఊళ్ళో చల్లగా ఉండే అరుగు స్టేషనుది ఒక్కటే కావడంతో వాళ్ళే వచ్చి అక్కడ పడుకునేవాళ్ళు. ఇలా సాఫీగా సాగిపోతుండగా, జిల్లా సూపరింటెండెంట్ శేషతల్పశాయి గారి నుంచి తాఖీదు వచ్చింది.

"తాగువారిని పట్టుట శాఖకు శోభనివ్వదు. తాగువాడు కేవలము చివరి అంచె. నిల్వలను పట్టుడు. మాసాంతమునకు ఒక్క నిల్వయైనను పట్టని స్టేషను అధికారి ఏజెన్సీ ప్రాంతమునకు బదిలీ చేయబడును."

నిల్వ ఎక్కడుందో మా ఊళ్ళో పశువులకి కూడా తెలుసు. ఎస్సై గారికీ తెలుసు. అది ఎవరి తోటలో ఉందో కూడా తెలుసు కాబట్టే ఆయన ఆ దారిన వెళ్ళేవాడు కాదు.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే ఎర్నమ్మ తన మొగుణ్ణి రెక్క పట్టుకుని స్టేషనుకి తీసుకొచ్చింది.

మొగుడి పేరు ముత్యాలు. సన్నాయి వాయిస్తాడు. ఒక్క ఊపిరి బిగబట్టాడంటే మూడు ముళ్ళూ పడి, అక్షింతలు అయిపోయి, పెళ్ళివారు భోజనాల దగ్గర బంతి కోసం తోసుకునేదాకా మళ్ళీ ఊపిరి తియ్యడని పేరు. తాగనప్పటి సంగతి అది. తాగితే మాత్రం పాట తారుమారవుతుంది. పోయిన పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకి అప్పగింతల పాట ఎత్తుకున్నాడు. పెళ్ళికూతురు తల్లి అక్కడికక్కడే కూతుర్ని కావలించుకుని ఏడ్చి, బండి ఎక్కించెయ్యబోయింది.

"బావూ, ఈడు నా పెనిమిటి. తాగీసినాడు," అంది ఎర్నమ్మ. "మాగం వచ్చీసింది. సేతినిండా పెళ్ళిళ్ళు ఒప్పీసుకున్నాం. రెండ్రోజులు మీకాడ కూకోబెట్టి, బెదిరించీసి పంపండి. ఈడు తిన్నగా ఊదకపోతే మా పొయ్యిలో పిల్లి లెగదు."

హెడ్డు గుంపస్వామి మిషను తెచ్చి ముత్యాలు నోటి ముందు పెట్టాడు.

"ఊదు."

"ఏ రాగం బావూ?" అన్నాడు ముత్యాలు వినయంగా.

"నీ ఇష్టం."

ముత్యాలు కళ్ళు మూసుకుని ఊదాడు. మామూలు జనం రెండు సార్లు ఉఫ్ అని వదిలేస్తారని, ఆ లెక్కనే ఆ మిషను తయారు చేశారు. సన్నాయి వాయించేవాడు ఊదితే ఏం చెయ్యాలో దానికి ఎవరూ చెప్పలేదు. ముత్యాలు బుగ్గల నిండా గాలి నింపుకుని, ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ ఎక్కడా తెగనివ్వకుండా సాగదీశాడు. అంకె పెరిగింది. పెరుగుతూనే ఉంది. అరుగు మీద పడుకున్నవాళ్ళు లేచి కూర్చుని తల ఊపడం మొదలుపెట్టారు.

"సార్," అన్నాడు గుంపస్వామి, "అంకెలు అయిపోనాయి సార్."

ఎస్సై గారు శాఖ వారిచ్చిన పట్టిక తీసి, అంత అంకెకి ఎంత సరుకో చూశాడు. పట్టికలో చివరి గడికీ ఆ పైదానికీ మధ్య ఎక్కడో తేలింది. ఇంత సరుకు ఒక మనిషి తాగింది అయ్యుండదు. ఇంత సరుకుని చట్టంలో ఏమంటారో ఆయనకి తెలుసు. మెల్లగా చట్టం పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని చదివాడు.

"నిల్వ సాధనమనగా సీసా, డబ్బా, పీపా, తిత్తి, లేదా మద్యమును ఇముడ్చుకొనగల మరే ఇతర సాధనమైనను." తలెత్తి ఎర్నమ్మని అడిగాడు. "ఇతను మద్యాన్ని ఇముడ్చుకోగలడా?"

"ఈడా? ఎంతైనా ఇముడ్సుకుంతాడు బావూ. పొట్టా అది? గోలెం."

గుంపస్వామి రాసుకున్నాడు.

"రెక్క ఎవరు పట్టుకున్నారు?"

"నానే. ఒగ్గేస్తే పడిపోతాడు."

"స్వాధీనం," అన్నాడు ఎస్సై. గుంపస్వామి అదీ రాసుకున్నాడు. "ఇక్కడికి ఎలా వచ్చారు?"

"ఆటోలోన."

"రవాణా."

ఈ విధంగా, మద్యాన్ని అక్రమంగా నిల్వ చేసి, స్వాధీనంలో ఉంచుకుని, రవాణా చేసిన నేరానికి ఎర్నమ్మ మొదటి ముద్దాయి అయింది. ముత్యాలు మీద ఏ కేసూ లేదు. అతను సొత్తు.

"నానా ముద్దాయిని?" అంది ఎర్నమ్మ. "తాగినోడు ఆడైతే కేసు నా మీదేటి?"

"సీసా మీద కేసు పెట్టరు కదమ్మా," అన్నాడు ఎస్సై ఎంతో ఓపిగ్గా. "సీసా ఎవరిదో వాళ్ళ మీద పెడతారు."

నిల్వ సాధనం మూతికి లక్క సీలు వెయ్యాలని నిబంధన. సన్నాయి వాయించేవాడి మూతి మీద లక్క పోస్తే మాఘమాసంలో పెళ్ళివారంతా కలిసి స్టేషను తగలబెడతారని గుంపస్వామి భయపడ్డాడు. అందుకని ముత్యాలు మొలతాడుకి టేపు చుట్టి, ముడి మీద లక్క పోసి, ముద్ర గుద్దారు. తర్వాత అతన్ని పట్టుబడిన సరుకు దాచే గదిలో, పాత ఎస్సైల కాలంనాటి నిండు డబ్బాల పక్కన చాప వేసి భద్రపరిచారు. ఎర్నమ్మని సొంత పూచీ మీద వదిలేశారు.

మర్నాటి పేపర్లో 'గెడ్డవలసలో భారీ నిల్వ' అని వచ్చింది. ఫొటోలో ఎస్సై గారు నిల్వ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

రెండ్రోజులు గడిచాక తనిఖీకని మళ్ళీ ఊదించారు. ముత్యాలు అంతే శ్రద్ధగా ఊదాడు. మిషను కదల్లేదు.

"బావూ, తలనొప్పి తగ్గిపోనాది," అన్నాడు ముత్యాలు సంతోషంగా. "ఇంటికెళిపోతాను. సన్నాయి పీకలు నానబెట్టుకోవాల."

ఎస్సై గారికి చెమటలు పట్టాయి. సాక్ష్యం ఆవిరైపోయింది. వెంటనే సూపరింటెండెంటు గారికి ఫోను చేశాడు.

శేషతల్పశాయి గారి గొంతు స్టేషనంతా వినబడింది. "ఏమయ్యా, ప్రభుత్వ కస్టడీలో ఉన్న సొత్తు తరిగిపోతే అర్థం ఏమిటి? ఎవరో తాగారని అర్థం. న్యాయస్థానము వారి యెదుట ప్రవేశపెట్టు పర్యంతము, స్వాధీనపరచుకొన్న నాటి స్థితిని యథాతథముగా పరిరక్షించుట శాఖ యొక్క పవిత్ర బాధ్యత. అర్థమైందా? తరిగితే నింపు."

నింపడానికి సరుకు గదిలో కొదవ లేదు. గుంపస్వామి ఒక డబ్బా మూత తీసి, ప్రభుత్వ కొలతగ్లాసు నిండా పోసి, ముత్యాలు ముందు పెట్టాడు. ముత్యాలు ఆ గ్లాసుని చూసి వెనక్కి జరిగాడు.

"వద్దు బావూ. మానీసినాను. మా ఎర్ని సంపీసుద్ది."

"నీ ఇష్టాఇష్టాలతో పనిలేదు," అన్నాడు ఎస్సై. "డబ్బాని అడిగి పోస్తామా?"

ముత్యాలు మర్యాదస్తుడు. ప్రభుత్వం చేతులతో పోస్తుంటే కాదనడం బాగుండదని తాగాడు.

అలా రోజూ నింపుతుండగా, ఒక సాయంత్రం ఎర్నమ్మ క్యారేజీలో అన్నం తెచ్చేసరికి, ముత్యాలు డబ్బాలకి పెళ్ళి చేస్తున్నాడు. పెద్ద డబ్బాకీ చిన్న డబ్బాకీ తలంబ్రాలు అయిపోయాయి.

"ఇదేటి బావూ!" అంది ఎర్నమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయి. "ఇంటికాడ రెండ్రోజులకోపాలి తాగీవోడు. మీకాడ దినామూ తాగుతన్నాడేటి? మాన్పించమని తెస్తే మప్పుతారా?"

"జాగ్రత్తగా మాట్లాడమ్మా. అతను తాగడంలేదు. మేం భద్రపరుస్తున్నాం."

ఈ మాట ఊళ్ళో పాకిపోయింది. మర్నాడు పొద్దున్నకల్లా అరుగు మీద పడుకునేవాళ్ళంతా తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, స్టేషను ముందు వరస కట్టారు. తమని కూడా భద్రపరచమని వాళ్ళ కోరిక. ఒకాయనైతే తాను చిన్నప్పట్నుంచీ లీకేజీ లేని సాధనాన్నని గట్టిగా వాదించాడు. నెలవారీ నిల్వ దొరికింది కాబట్టి ఇక అక్కర్లేదని చెప్పి ఎస్సై గారు వాళ్ళని పంపించేశారు.

కేసు కోర్టుకి వచ్చింది. ఎర్నమ్మని బోనులో నిలబెట్టారు. ముత్యాల్ని సొత్తు పెట్టే బల్ల మీద, ఒక దొంగ సైకిలు పక్కన కూర్చోబెట్టారు. మెడలో చీటీ ఉంది. ఆ రోజు గుంపస్వామి శ్రద్ధగా నింపడంవల్ల అతను సైకిలు మీద ఒరిగి ఉన్నాడు.

పంచనామా చదువుతుంటే మధ్యలో ముత్యాలు చెయ్యెత్తాడు. "అయ్యా, నాను సన్నాయి..."

ప్రభుత్వ ప్లీడరు చటుక్కున లేచాడు. "అభ్యంతరం! సొత్తు మాట్లాడుతోంది."

మేజిస్ట్రేటు గారు చట్టం పుస్తకం వెతికారు. సొత్తు మాట్లాడవచ్చునని ఎక్కడా లేదు. "సొత్తు నిశ్శబ్దము పాటించవలెను," అని ఉత్తర్వు వేశారు. సైకిలు కూడా కదలకుండా నిలబడింది.

"అయ్యా, నా మొగుణ్ణి నాకిచ్చీయండి," అంది ఎర్నమ్మ బోనులోంచి. "రేపు పున్నమికి పెద్ద పెళ్ళున్నాది."

"మధ్యంతరంగా నీ అధీనంలో ఉంచడానికి చట్టంలో వీలుంది," అన్నారు మేజిస్ట్రేటు గారు దయగా. "అయితే కోర్టు పిలిచినప్పుడల్లా ఇదే స్థితిలో హాజరుపరుస్తానని హామీ రాసివ్వాలి."

"ఇదే తితంతే? తాగించి తెమ్మంతారా?"

"ఇదే స్థితిలో."

"మరి మందెక్కడ్నుంచి తెస్తాను?"

"మద్యం కలిగి ఉండడం నేరం. ఆ సంగతి బోనులో నిలబడ్డ నీకు నేను చెప్పనక్కర్లేదు."

"మరేటి సెయ్యాల బాబూ?"

"కోర్టు సలహాలివ్వదమ్మా."

ఎర్నమ్మ వెనక్కి తిరిగింది. వెనక నిలబడ్డ గుంపస్వామి, ఇరవయ్యేళ్ళుగా ముద్దాయిలందరికీ చెప్పే మాటే ఆమెకీ చెప్పాడు. "ఒప్పీసుకోవే. సిన్న జరిమానాతో పోద్ది. కేసు ముగిసిపోతే సొత్తు లెక్క కూడా తేలిపోద్ది."

"ఒప్పీసుకున్నాను బాబూ," అంది ఎర్నమ్మ. "దాసినాను, పట్టుకున్నాను, ఆటోలోన తెచ్చినాను. అన్నీ నానే."

మేజిస్ట్రేటు గారు సంతోషించారు. జరిమానా వేసి, సొత్తు గురించి కూడా మామూలుగా అన్ని కేసుల్లో రాసే వాక్యమే రాశారు. "పట్టుబడిన మద్యమును సాధనసహితముగా ధ్వంసము చేయునది."

ఆ ముక్క ఎర్నమ్మకి అర్థమయ్యేసరికి కోర్టు ఖాళీ అయింది. ఆమె పరిగెత్తుకుంటూ వెళ్ళి ఎస్సై గారి జీపు ముందు నిలబడింది.

"సాదనం అంతే ఎవుల్రా బావూ? మా ఆయనే గదా? ఆయన్నేటి సేసీస్తారు?"

ఎస్సై గారికి కూడా కొంచెం ఇబ్బందిగానే ఉన్నట్టుంది. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మా జిల్లాలో ధ్వంసమంటే రోడ్డు రోలరమ్మా. సూపరింటెండెంటు గారు స్వయంగా వస్తారు. నా చేతిలో ఏముంది? ఆ రోజు సాధనం ఖాళీగా ఉంటే తిరిగి ఇచ్చెయ్యచ్చు, నిబంధన ఒప్పుతుంది. నిండుగా ఉంటేనే సహితంగా..."

"అయితే నింపడం మానీయండి!"

"ఎలా మానతాం? ధ్వంసమయ్యేదాకా యథాతథంగా ఉంచాలి కదా. ముందే తరిగితే నన్ను ఏజెన్సీకి పంపుతారు."

ఎర్నమ్మ ఏడవలేదు. ఇంటికెళ్ళి ఎండు నెత్తళ్ళ చేపలు వేయించింది.

మర్నాటి నుంచి ఆమె రెండు గిన్నెలు తెచ్చేది. మజ్జిగన్నం ముత్యాలుకి. ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి కరకరలాడించిన నెత్తళ్ళు గుంపస్వామికి.

"నాకెందుకే ఇయ్యన్నీ?" అన్నాడు గుంపస్వామి మొదటిరోజు, గిన్నె మూత తీసి వాసన చూస్తూ.

"మా ఆయన్ని కంటికి రెప్పలాగ సూస్తన్నావు గదా బావూ. తిను."

ఆలోచించండి. ఎడమ చేతిలో వేడివేడి నెత్తళ్ళు. కుడి చేతిలో నిండా పోసిన ప్రభుత్వ గ్లాసు. ఎదురుగా, వద్దు బావూ వద్దు బావూ అని దణ్ణం పెడుతున్న సాధనం. చుట్టూ ఎవరూ లేరు. గుంపస్వామి రాయి కాదు. 'సాధనము నింపబడినది' అని రాసేసి, గ్లాసు తను తీసుకున్నాడు. ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ముత్యాలు కళ్ళు తేటపడ్డాయి. గుంపస్వామి మాత్రం డ్యూటీకి పెందలాడే వస్తున్నాడని, ఇంటికి వెళ్ళమన్నా వెళ్ళడంలేదని పై అధికారులు మెచ్చుకున్నారు.

ధ్వంసం రోజున మార్కెట్ యార్డులో షామియానా వేశారు. సీసాలూ డబ్బాలూ వరసగా పేర్చారు. వరస చివర ముత్యాల్ని నిలబెట్టారు. రోడ్డు రోలరుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేశారు. శేషతల్పశాయి గారు కొబ్బరికాయ కొట్టి మైకు అందుకున్నారు.

"మద్యరహిత సమాజ నిర్మాణ మహాయజ్ఞమున ఇది మరియొక మైలురాయి. సాధారణముగా మనము ధ్వంసము చేయునది గాజు, రేకు. నేడు మొట్టమొదటిసారిగా..." అని ముత్యాలు వైపు చూసి, సరైన మాట దొరక్క, "ఇతర పదార్థము," అన్నారు. చప్పట్లు మోగాయి.

రోలరు డ్రైవరు కిందికి దిగొచ్చాడు. "బావూ, సివర్న ఉన్నోడు మనిసి బావూ."

"జాబితాలో సాధనం అని ఉంది," అన్నారు శేషతల్పశాయి గారు.

"కాళ్ళున్నాయి బావూ."

"కాళ్ళున్న సాధనం. నువ్వు సాంకేతిక విషయాల్లో తల దూర్చకు. తొక్కమన్నది తొక్కు."

డ్రైవరు గొణుక్కుంటూ ఎక్కి కూర్చున్నాడు. రోలరు సీసాల మీంచి పటపటమంటూ కదిలింది. ముత్యాలు ఆ చక్రాన్నీ, ఎర్నమ్మనీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఆపండ్రా!" అంటూ ఎర్నమ్మ వచ్చి రోలరుకి అడ్డంగా నిలబడింది. "ఊదించకుండా తొక్కీస్తారేటి? ఖాళీదో నిండుదో సూడాల గదా? రూలు మీకే గాని నాకు లేదా?"

శేషతల్పశాయి గారు ఎవరి ప్రాణం కోసమూ ఆగే మనిషి కాదు, కానీ రూలు అన్న మాట చెవిన పడితే నిద్రలోనైనా ఆగిపోతారు. రోలరు ఆగింది. మిషను తెప్పించారు.

ముత్యాలు ఊదాడు. జీవితంలో ఎన్నడూ ఊదనంత ఊదాడు. ఊపిరి తెగలేదు, స్వరం వణకలేదు. ఫొటోగ్రాఫరు రెండుసార్లు కెమెరా దించి మళ్ళీ ఎత్తాడు. షామియానాలో ఒకావిడ తనకి తెలియకుండానే అక్షింతల కోసం పక్కావిడ దగ్గర చెయ్యి చాపింది. మిషను సున్నా దగ్గర కొట్టిన మేకులా ఉండిపోయింది.

"ఖాళీ!" అంది ఎర్నమ్మ.

"ఖాళీ సరే," అన్నారు శేషతల్పశాయి గారు కనుబొమలు ముడిచి. "నిన్నటి దాకా ప్రతిరోజూ నింపినట్టు సంతకాలున్నాయి. ఆ సరుకు ఏమైంది? పదార్థం నశించదు. ఒక సాధనం నుంచి మరొక సాధనానికి తరలి ఉండాలి. నింపినదెవరు?"

అందరూ గుంపస్వామి వైపు చూశారు. గుంపస్వామి ఆకాశం వైపు చూశాడు. మిషను నోటి ముందు పెట్టగానే, ఆయన ఇంకా ఊదకముందే అది కీచుమంది.

"నిల్వ దొరికింది!" అని ప్రకటించారు శేషతల్పశాయి గారు. మళ్ళీ చప్పట్లు. డ్రైవరు రోలరు తిప్పి, "ఇతన్నా బావూ?" అని అడిగాడు. గుంపస్వామి పరుగందుకున్నాడు. ఆయన పరుగూ రోలరు నడకా ఒకటే కావడంతో యార్డు చుట్టూ రెండు ప్రదక్షిణాలు అయ్యాయి.

ఈలోగా శేషతల్పశాయి గారు చట్టం ప్రకారం రెండో ప్రశ్న వేశారు. "ఈ సాధనం ఎవరి స్వాధీనంలో ఉంది?"

గుంపస్వామి ఎస్సై గారి కింద పనిచేస్తాడు. ఎస్సై కోదండపాణి గారి మొహం పాలిపోయింది. ఏజెన్సీ కొండలు కళ్ళ ముందు కదిలి ఉంటాయి. ఆయన రెండు చేతులూ కట్టుకుని, ఎంతో వినయంగా, మైకు పక్కనే ఉందని మర్చిపోయి అన్నాడు.

"నా స్వాధీనమే సార్. నేనేమో తమరి స్వాధీనం."

ఎవరో మిషను తీసుకుని శేషతల్పశాయి గారి వైపు ఒక అడుగు వేశారు. ఆయన చురుగ్గా దాన్ని అందుకుని, బ్యాటరీలు ఊడదీసి జేబులో వేసుకుని, పరికరం మరమ్మతులో ఉన్నందున కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందని చెప్పి కారెక్కారు. రోలరు ఆగింది. కొంతసేపటికి గుంపస్వామి కూడా ఆగాడు.

ఎస్సై గారు నీడలో బల్ల వేయించుకుని రసీదు రాశారు. పైకి చదివి వినిపించారు. "ఖాళీ నిల్వ సాధనము ఒకటి, మంచి స్థితిలో, ముట్టినది. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

ఎర్నమ్మ సిరా పూసిన వేలిని గాల్లోనే ఆపి, మొగుణ్ణి కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది.

"మంచి తితని ఎవులు సెప్పినారు నీకు? మా పెళ్ళినాడు కూడా ఇలాగే సెప్పి అంటగట్టీసినారు. ఆ ముక్క కొట్టీ. ఖాళీ అన్నకాడికి ఏస్తాను ఏలిముద్దర."